తుప్పు పూసే మనిషి

అసలు ఆ ఎరుపులో నలుపు ఒక్క చుక్క ఎక్కువ పడింది, సూదిమొన మీద నిలిచేంత చుక్క, అయినా ఎండలో పెట్టి చూస్తే బొమ్మకారు ముక్కు దగ్గర రంగు అలిగినట్టు కనిపిస్తోంది, ఇంటికి వెళ్ళగానే గీకేసి మళ్ళీ మొదలుపెట్టాలి అనుకుంటూ అతను రెండో అంతస్తు మలుపు దగ్గర ఆగాడు, మోకాలు పట్టేసింది, పక్కనే లిఫ్టు మూలుగుతూ పైకి వెళ్ళింది, జాలీ సందుల్లోంచి ఎవరో ఇతన్ని చూశారు, నిక్షేపంలాంటి లిఫ్టు ఉండగా మెట్లెక్కి ఆయాసపడుతున్న ఈ పెద్దమనిషి ఎవరా అన్నట్టు చూశారు, చూస్తే చూడనీ, లిఫ్టంటే అతనికి చిన్నప్పటినుంచీ తలుపేసిన బీరువా, యాభై ఆరేళ్ళొచ్చినా ఆ భయం పోలేదు, పోగొట్టుకోవాలని అనుకోనూ లేదు, ఇంకా రెండంతస్తులు, నాలుగో అంతస్తులో ఎడమచేతివైపు తలుపు అని ఆవిడ ఫోనులో చెప్పింది, ఆవిడంటే బొమ్మకార్ల క్లబ్బులో తన పక్కన కూర్చునే లిఫ్టు మెకానిక్ భార్య, ఆయన మూడు వారాల కిందటి మంగళవారం పోయాడు, ఆయన సామాన్లు ఒక గది నిండా ఉన్నాయండీ, రంగులూ పెట్టెలూ అవన్నీ, నాకు తలా తోకా తెలియదు, మీరైతే తెలిసినవారు, వచ్చి కావలసినవి పట్టుకెళ్ళండి అంది, తప్పకుండా వస్తానమ్మా అన్నాడు, అంటూండగానే ఆయన దగ్గరున్న రంగు చిమ్మే చిన్న మెషీను గుర్తొచ్చింది, తన దానికంటే మంచిది, చప్పుడు చెయ్యదు, ఛీ అనుకున్నాడు వెంటనే, మనిషి పోయి మూడు వారాలు కాలేదు, కానీ గుర్తొచ్చిన మాట నిజం, మనసు చేసే పనులకి మనిషి పూచీ పడాలంటే బతికినట్టే.

ఆ పెట్టెల్లో ఏముంటుందో అతనికి తెలుసు, తుప్పు ఉంటుంది, పదకొండేళ్ళుగా ఆయన చేసిందల్లా తుప్పే, అరచేతిలో పట్టే కార్లు, అసలు కారులో ఇరవై నాలుగో వంతు, అందరూ కిట్టు కొనుక్కొచ్చి ముక్కలు అతికించి కొత్త పెళ్ళికూతురిలా తయారుచేస్తే, ఆయన మాత్రం తలుపులు కొవ్వొత్తి సెగకి చూపించి వంకర చేసేవాడు, ఉప్పు చల్లి రంగు వేసి ఆరాక ఉప్పు గీకేసేవాడు, గీకినచోట పెచ్చులూడి లోపలి గోధుమరంగు బయటపడి, కళ్ళజోడు తీసి చూస్తే ఏ వానలోనో పదేళ్ళు నానిన బండే, చక్రాల సందుల్లో బురద, వెనకసీటు మీద గోరంత పాత పేపరు, డ్రైవరు సీటు కింద ఒంటి చెప్పు, ఒంటి చెప్పేమిటండీ అనడిగితే రెండోది ఎక్కడో జారిపోయి ఉంటుందండీ, వెతుక్కోవడానికే వెనక్కి వెళ్తున్నాడు అనేవాడు ఎంతో నమ్మకంగా, ఆ బండి తోలేవాడు తనకు చుట్టమైనట్టు, వింటున్న ఇతనికి ఒళ్ళు మండేది, అతని బీరువాలో డెబ్బై మూడు కార్లున్నాయి, ఒక్కదాని మీద వేలిముద్ర లేదు, ఏడు పూతలు, పూతపూతకీ తడిపిన గరుకుకాగితంతో రుద్దుడు, ముఖం చూసుకోవచ్చు వాటిల్లో, అవన్నీ చూసి ఆ మనిషి మీ బండి ఇంకా షోరూము గడప దాటలేదండీ డాక్టరుగారూ అన్నాడు, మీది గ్యారేజీ గడప దాటేట్టు లేదండీ అని ఇతనూ తిప్పికొట్టాడు, క్లబ్బు గదిలో అందరూ నవ్వారు, ఆయన అందరికంటే గట్టిగా నవ్వాడు, ఇతను ఆ మాట రెండు వారాలు నమిలాడు.

డాక్టరుగారూ అనడం ఒకటి, అతను డాక్టరు కాడు, పళ్ళు కట్టేవాడు, పంటి డాక్టరు క్లినిక్కు వెనక కిటికీ లేని గదిలో కూర్చుని, పై దవడ కింది దవడ అచ్చులు ముందు పెట్టుకుని, మైనం కరిగించి పింగాణీ కాల్చి, కట్టిన పన్ను పక్కపంటి రంగులో కలిసిపోయేలా చేసేవాడు, పాతికేళ్ళుగా ఆ చుట్టుపక్కల నోళ్ళన్నీ తెలుసు, ఒక్క ముఖమూ తెలియదు, ఎవరి నవ్వో కట్టి డబ్బాలో పెట్టి తలుపు సందులోంచి అందిస్తాడు, ఆ నవ్వు ఎక్కడికి పోయి ఎవరిని చూసి నవ్వుతుందో అతని దాకా రాదు, ఇంటికొస్తే అమ్మ ఉండేది, ఆరేళ్ళ కిందట అమ్మా పోయింది, ఆదివారం పొద్దున్నే చెల్లెలు దూరం నుంచి ఫోను చేస్తుంది, తిన్నావా అన్నయ్యా, తిన్నానమ్మా, ఇంకేంటి, ఏముంటాయి, ఆ వారానికి నోరు తెరవడం అంతటితో సరి, మళ్ళీ రెండు వారాలకోసారి క్లబ్బు, జిరాక్సు షాపు పైన మూడో అంతస్తులో గది, పొడుగు బల్ల, కిటికీ పక్కన చివర రెండు కుర్చీలు, ఒకటి ఇతనిది ఒకటి ఆయనది, ఎవరు పంచారో తెలియదు, పదకొండేళ్ళ కిందట కూర్చున్నారు, అలాగే ఉండిపోయారు, రంగులు మాట్లాడుకున్నారు, జిగురు మాట్లాడుకున్నారు, ఆయనకి పిల్లలున్నారో లేదో ఇతనికి తెలియదు, ఎప్పుడూ అడగలేదు, అడిగితే తననీ అడుగుతాడని.

అన్నిటికంటే విసుగు ఆ మెట్లు, ఇతను పదింటికి చేరుకునేసరికి ఆయన కింద కాచుక్కూర్చుని ఉండేవాడు, ఎదురుగా లిఫ్టు, తాను చేసేది లిఫ్టు పని, అయినా రండి డాక్టరుగారూ ఎక్కుదాం అని లేచేవాడు, లిఫ్టు మెకానిక్కు మెట్లేమిటండీ అంటే, వారమంతా దాని పొట్టలోనే ఉంటాను కదండీ, ఆదివారం కూడానా అనేవాడు, ఇంకోసారి అడిగితే డాక్టరు ఎక్కమన్నారండీ, ఒంటికి మంచిదట అన్నాడు, పోనీ ఎక్కేవాడు ఎక్కొచ్చు కదా, మలుపు మలుపుకీ ఆగి రెయిలింగు పట్టుకుని ఏదో ఒక తగవు తీసేవాడు, స్టిక్కరు మీద మెరుపుపూత వెయ్యాలా కిందనే వెయ్యాలా, అసలు నల్లరంగనేది ఉందా లేక అన్నీ ముదురు నీలాలేనా, నిలబెట్టి చంపేవాడు, ఆ మూడంతస్తులకీ పావుగంట పట్టేది, ఇతను చేతి గడియారం చూసుకుంటూ ముక్తసరిగా జవాబులు చెప్పేవాడు, మంగళవారం ఆయన పోతే గురువారం క్లబ్బు సెక్రటరీ ఫోను చేసి, మన లిఫ్టాయన పోయాడండీ, నిన్ననే అంతా అయిపోయింది అన్నాడు, అయ్యో అన్నాడు ఇతను, ఇంకేమనాలో తోచక, అయితే ఆదివారం క్లబ్బు ఉందా లేదా అన్నాడు, ఆ మాట ఇప్పటికీ చెవిలో ఉంది, ఎవరో అనగా విన్నట్టు ఉంది, వాళ్ళింటికి పలకరింపుకి వెళ్ళలేదు, ఏమని వెళ్ళాలి, నేనెవరినని చెప్పుకోవాలి, పక్క కుర్చీలో కూర్చునేవాణ్ణనా, ఆ ఆదివారం క్లబ్బుకి మాత్రం వెళ్ళాడు, మూడంతస్తులూ ఎక్కడా ఆగకుండా ఎక్కేశాడు, ఎవరూ రాకముందే పైకి చేరి, కిటికీ దగ్గర కూర్చుని, మిగిలిపోయిన ఆ పది నిమిషాలు ఏం చెయ్యాలో తెలియక గోళ్ళు చూసుకున్నాడు.

నాలుగో అంతస్తు, ఎడమచేతివైపు తలుపు తీసే ఉంది, గడప పక్కన స్టూలు మీద గ్లాసుతో మంచినీళ్ళు, తెల్లజుట్టు చిన్న ముడి వేసుకున్న ఆవిడ లోపలినుంచి వచ్చి రండి అన్నయ్యగారూ అంది, అతను తడబడ్డాడు, అన్నయ్య అనే మాట అతనికి ఫోనులో తప్ప ఎదురుగా విని చాలా ఏళ్ళయింది, ఆవిడ మీ పేరేమిటని అడగలేదు, ఎవరు మీరు అనలేదు, మెట్లెక్కే వస్తారని తెలుసు, అందుకే నీళ్ళు ఇక్కడే పెట్టాను, కూర్చోండి, మోకాలు ఎడమదే కదా, ఆ కుర్చీలో అయితే చాచుకోవచ్చు అంది, అతను కూర్చున్నాడు, చిన్న హాలు, రెండు కుర్చీలు, కిటికీలో ఆరేసిన తువ్వాలు, మగవాడి తువ్వాలు, ఇంకా ఆరేస్తోంది కాబోలు, ఆవిడ టీ తెచ్చింది, చక్కెర వెయ్యలేదు, మీరు వేసుకోరటగా అంది, కళ్ళజోడు నెత్తిమీదే ఉంది అన్నయ్యగారూ అని కూడా అంది, అతను అప్పటికే జేబులు తడుముకుంటున్నాడు, మీరు అది వెతుక్కునే తీరు ఆయన చేసి చూపించేవారు, రాత్రి అన్నం దగ్గర ఒకటే నవ్వు, డాక్టరుగారు ఇలా అన్నారు, డాక్టరుగారు అలా కసిరారు, ఆదివారం వచ్చిందంటే మా ఇంట్లో మీరే కూర మీరే పులుసూ అంది, అతనికి, తనను ఒక ఇంట్లో తలచుకుంటారని, తాను లేనిచోట తన గురించి మాటలు జరుగుతాయని, అవి మంచి మాటలని, ఇంత వయసులో మొదటిసారి వింటే ముఖం ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు, కప్పులోకి చూశాడు.

మీ అమ్మగారు ఆస్పత్రిలో ఉన్నప్పుడు నాలుగు ఆదివారాలు మీరు వెళ్ళలేదు కదా, ఆయన వెళ్ళి మెట్ల దగ్గర కూర్చుని తిరిగొచ్చేసేవారు, అమ్మగారు పోయారని తెలిశాక చొక్కా వేసుకుని బయల్దేరారు, మీ వీధి మొదటిదాకా వచ్చారట, వచ్చి నిలబడి, నేనెవరినని వెళ్ళను, ఏమనుకుంటారో, రంగుల గురించి తప్ప మాట్లాడుకున్నవాళ్ళం కాదే అని వెనక్కి వచ్చేశారు, నేను ఆ రోజు బాగా తిట్టాను అని ఆవిడ చెబుతూ ఉంటే అతనికి ఆ వీధి కనిపించింది, ఇస్త్రీ బండి పక్కన, ఉతికిన చొక్కాలో, లావుపాటి మనిషి ఒకడు కాళ్ళు మార్చుకుంటూ నిలబడి ఉన్నాడు, ఆ పూట తాను లోపల ఏం చేస్తున్నాడు, అమ్మ మందుసీసాలు వరసగా పేర్చి, మూతలు బిగించి, మళ్ళీ విప్పి, మళ్ళీ బిగిస్తున్నాడు, తలుపు దగ్గర ఎవరైనా దగ్గితే బాగుండునని, ఎవరు దగ్గుతారులే అని, రెండూ ఒకేసారి అనుకుంటున్నాడు, మధ్యన నలభై అడుగులు, అంతే, ఆవిడ ఇంకా చెబుతూనే ఉంది, మాట వినే మనిషి కాదండీ, రెండేళ్ళ కిందట గుండె డాక్టరు మెట్లు ఎక్కొద్దని చీటీ మీద రాసి మరీ ఇచ్చాడు, ఈ ఇంటి లిఫ్టు పనిచెయ్యకపోతే బయటికే వచ్చేవారు కాదు, ఆదివారం మాత్రం అక్కడ మెట్లన్నీ ఎక్కొచ్చేవారు, ఇదేం మొండితనం అంటే డాక్టరు వద్దంటే ఏమైంది, డాక్టరుగారితోనేగా ఎక్కుతున్నా అని జోకు, ఆవిడ నవ్వింది, నవ్వి అతని ముఖం చూసి ఆపేసింది.

ఆగిపోయింది అతనిలో ఏదో, మలుపు మలుపుకీ రెయిలింగు పట్టుకున్న ఆ చెయ్యి, వేళ్ళ కణుపులు తెల్లబడేట్టు పట్టుకున్న చెయ్యి, స్టిక్కరు మీదా కిందా అని తీసిన తగవు, నల్లరంగు ఉందా లేదా, అది తగవు కాదు ఊపిరి, ఆయనకి ఊపిరి అందేదాకా మాట అడ్డం పెట్టుకునేవాడు, తాను గడియారం చూసుకున్నాడు, అమ్మా నాకు తెలియదు అన్నాడు, తెలిస్తే నేను ఎక్కనిచ్చేవాణ్ణి కాదు, కింద కూర్చుని మాట్లాడుకునేవాళ్ళం, మెట్ల మీదే కూర్చునేవాళ్ళం, ఆవిడ చెయ్యి అడ్డంగా ఊపి, అయ్యో అలా అనుకోకండి అన్నయ్యగారూ, మెట్లవల్ల కాదు, ఇక్కడే, ఈ కుర్చీ పక్కనే, బూట్ల తాడు కట్టుకుంటూ వంగినవారు వంగినట్టే పోయారు, మీకు తెలియకూడదనే కదా అన్ని అబద్ధాలాడింది, తెలిస్తే మీరు ఒక్కరే ఎక్కుతారని ఆయన భయం, మనిషి పక్కన మనిషి లేకుండా మూడంతస్తులేమిటి అనేవారు అంది, అని లోపలికి వెళ్ళి కొంగుతో ముఖం తుడుచుకుని వచ్చింది, వచ్చి, నేనొకటి అడుగుతాను, చెబుతారా, ఇక్కడ మాతో ఎలా ఉండేవారో నాకు తెలుసు, అక్కడ ఎలా ఉండేవారు, ముప్ఫైరెండేళ్ళు కాపురం చేశాను, ఆ గదిలోకి నేనెప్పుడూ రాలేదు, ఆ కాస్తా చెప్పండి అంది.

ఏం చెప్పగలడు, ఆయన గురించి తనకేం తెలుసని, పిల్లలున్నారో లేదో తెలియదు, గుండె సంగతి తెలియదు, పక్కన కూర్చున్న మనిషి గురించి గోడకున్నంత కూడా తెలియదు, అనుకుంటూనే అతను నోరు తెరిచాడు, సన్నటి ముక్క అతికించేటప్పుడు ముక్కుతో బుస కొట్టేవారమ్మా, పామేమో అనిపించేది అన్నాడు, ఆవిడ ఊఁ అంది, అద్దం ముక్క పట్టకారులోంచి జారిపోతే రా తల్లీ రా అని బుజ్జగించేవారు, బల్లకింద దూరి వెతికి, దొరికితే దానికి క్షమాపణ చెప్పేవారు అన్నాడు, ఆవిడ కళ్ళు మెరిశాయి, చొక్కా గుండీ కాజాలో పట్టకపోయినా అదే మాట అండీ, రా తల్లీ రా అనేది, అంది, అతను ఇంకోటి చెప్పాడు, కిటికీలోంచి ఎండ బల్ల మీదికి వస్తే నా మీద పడకుండా తన కుర్చీ అడ్డం జరుపుకునేవారు, నేను చోటు ఆక్రమిస్తున్నారనుకునేవాణ్ణి అన్నాడు, కొత్తగా వచ్చినవాళ్ళెవరైనా బండి పాడుచేసుకుంటే, పాడవలేదు, వయసొచ్చింది అనేవారు, పిప్పరమెంటు బిళ్ళ నోట్లో ఎప్పుడూ, ఎవరి బండి బాగున్నా ముందు చప్పట్లు ఆయనవే, చెబుతూ ఉంటే ఒకదాని తోక పట్టుకుని ఇంకోటి వస్తోంది, ఇవన్నీ ఎప్పుడు చూశాడు తాను, చూస్తున్నట్టు తెలియకుండా ఎక్కడ దాచుకున్నాడు, గంటసేపు మాట్లాడాడు, అమ్మ పోయాక ఒక్క బిగిన ఇంత మాట్లాడటం ఇదే, నాలుక అలిసిపోయింది, ఆవిడ ఒక్కోసారి నవ్వుతూ ఒక్కోసారి నవ్వకుండా, ఒక్క మాట కిందపడనివ్వకుండా వింది.

తరువాత గది తలుపు తీసింది, అరల నిండా తుప్పుబండ్లు, మెషీను కూడా ఉంది, దానివైపు చూడబుద్ధి కాలేదు, నాకు ఇవన్నీ చెత్తబండ్లలాగే కనిపిస్తాయి అన్నయ్యగారూ, ఒక్కటి ఉంచుకుంటాను, వీటిలో ఏది మంచిదో మీరే చెప్పండి అంది, అతను వరసగా చూశాడు, వెతకడానికి కాదు, అది ఏ అరలో ఉందో అని, పాల వ్యాను, తెలుపు, తెలుపంటే ఎప్పుడో తెలుపు, తలుపు పిడి చుట్టూ ముప్ఫై ఏళ్ళు ఒకే చెయ్యి పడి అరిగినంత మేర మాత్రం లోహం మెరుస్తోంది, మిగతా అంతా మురికి, ఆ అరుగుదల ఎక్కడ మొదలై ఎక్కడ ఆగాలో, బొటనవేలు ఎక్కడ ఆనుతుందో, అది రంగు తెలిసినవాడి పని కాదు, చేతులు తెలిసినవాడి పని, పళ్ళు కట్టే తనకు తెలుసు, అరుగుదలని మించిన కష్టమైన రంగు లేదు, చచ్చినవాడి కళ్ళు చారెడంటారు, పోయాడు కాబట్టి పొగుడుతున్నానా అని తనను తాను ఒకసారి అడిగి చూసుకున్నాడు, కాదు, నాలుగేళ్ళ కిందట దీన్ని బల్ల మీద పెట్టిన రోజునే తెలుసు, ఆ రోజు ఇంటికెళ్ళి తన డెబ్బై కార్ల ముందు చాలాసేపు నిలబడ్డాడు కూడా, ఇదమ్మా అన్నాడు, నేను చూసినవాటిలో, ఎవరు చేసినవాటిలోనైనా, దీనికి సాటి లేదు, ఆవిడ వ్యానును రెండు చేతుల్లోకి తీసుకుని, ఈ మాట ఆయనతో ఎప్పుడైనా అన్నారా అంది, అతను తల దించుకుని లేదమ్మా అన్నాడు, అనుంటే సంతోషించేవారు అంది ఆవిడ, దెప్పినట్టు కాదు, ఉన్నమాట చెప్పినట్టు, అది దెప్పుడుకంటే లోతుగా దిగింది.

రెండు పెట్టెలు కట్టిచ్చింది, మిగతావి ఒక్కసారే ఎందుకు, నాలుగైదు సార్లుగా పట్టుకెళ్ళండి, తొందరేముంది అంది, అలాగేనమ్మా అని దిగి వచ్చి, బస్సెక్కి, పెట్టెలు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు, మధ్యాహ్నపు బస్సు, సగం ఖాళీ, పక్కన కూరగాయల సంచీతో ఒక పెద్దావిడ, పెట్టె అంచులోంచి తొంగిచూస్తున్న చక్రాలు చూసి, మనవలకా బొమ్మలు అని అడిగింది, మామూలుగా అయితే ఊఁ అనేసి కిటికీవైపు తిరిగేవాడు, ఇవాళ తిరగలేదు, కాదండీ మా స్నేహితుడివి, పోయాడు అన్నాడు, స్నేహితుడు, ఆ మాట నోట్లోంచి వచ్చాక దాన్ని తానే విన్నాడు, ఆవిడ అయ్యో అని, సంచీ కింద పెట్టి, ఒక పెట్టె ఇటివ్వండి నేను పట్టుకుంటాను అని తన ఒళ్ళోకి తీసుకుంది, ఎన్నాళ్ళ స్నేహం నాయనా అంది, పదకొండేళ్ళండీ అన్నాడు, లెక్క తడుముకోకుండా వచ్చింది, బస్సు ఎక్కడో ఆగింది, ఎవరో దిగారు, ఎవరో ఎక్కారు, అతనికి కళ్ళు మసకబారి బయట రంగులన్నీ ఒకదాన్లోకి ఒకటి కారిపోతున్నాయి, తుడుచుకోలేదు, నాకెవరూ లేరు అని కదా ఇన్నేళ్ళూ అనుకుంటూ వచ్చాడు, పళ్ళగదిలోనూ, అద్దాల బీరువా ముందూ, ఫోను పెట్టేశాకా, అదేదో పుట్టుమచ్చలాగా తనతో పుట్టిందనుకున్నాడు, అలవాటైపోయిందనుకున్నాడు, ఈ మూడు వారాలూ ఇల్లు ఎందుకింత పెద్దదైందో, రంగు ఎందుకు కుదరడం లేదో, ఏదీ తెలియక ఎరుపులో నలుపు ఎక్కువైందని తిట్టుకుంటున్నాడు, కాదు, తాను ఎప్పటినుంచో ఒంటరివాడు కాదు, ఈ పదకొండేళ్ళూ కానేకాడు, తాను ఒంటరివాడైంది మొన్న మొన్న, మూడు వారాల కిందటి మంగళవారం.